పసుపు డబ్బాలో తాళంచెవి

ఆదివారం

నేను నియమం తప్పకుండా నడుచుకునేది మంచిదాన్ని కాబట్టా, పట్టుబడతానేమోనని భయపడేదాన్ని కాబట్టా?

యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు పట్టుకుందీ ప్రశ్న. నలభై దాటినా వదల్లేదు. ఎదురుగా ఒక్క బండీ లేని రోడ్డు మీద ఎర్రలైటు దగ్గర ఆగి కూర్చుంటాను. ఆగింది నా మంచితనమా, పిరికితనమా అని ఆలోచిస్తుండగానే పచ్చలైటు వెలిగి, మళ్ళీ ఎర్రలైటు పడిపోతుంది. పక్కన మా ఆయన ఉంటే, "తేలిందా? ఇక పోదామా?" అంటారు.

గురువారం ఆసుపత్రికి కమిటీ వస్తోంది, భద్రతా బహుమతి మాకు ఇవ్వాలో వద్దో చూడటానికి. సున్నా సారు కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మా డైరెక్టరుగారికి ఆ పేరు నేను పెట్టలేదు. ఎక్కువగా వాడేది మాత్రం నేనే. గుమ్మం దగ్గర బోర్డు మీద "ఈ ఏడాది సిబ్బందికి సూదులు గుచ్చుకున్న ఘటనలు" అని రాసి, పక్కన పళ్ళెమంత సున్నా. రోజూ వస్తూనే జేబురుమాలు తీసి ఆ సున్నాను తుడిచి గానీ లోపలికి వెళ్ళరు.

తన్నే ఆవులు, కొరికే గుర్రాలు, ఏదైనా చేసే కుక్కలు వచ్చే పశువుల ఆసుపత్రిలో ఏడాదిగా ఒక్కరికీ సూది గుచ్చుకోలేదంటే మేమంతా మహా జాగ్రత్తపరులమైనా అయ్యుండాలి, మహా అబద్ధాలకోరులమైనా అయ్యుండాలి. పోయిన మీటింగులో ఈ మాటే అన్నాను. "మేడమ్, మీరు మా సేఫ్టీ ఆఫీసరా, మా శత్రువా?" అన్నారు సారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

గుచ్చుకుంటే తప్పు కాదు, దాస్తేనే తప్పు. గోడల నిండా ఈ పోస్టర్లు అతికించింది నేనే. అందులో చెయ్యి బొమ్మ వేసి, దాని మీద ఎర్రగా అడ్డంగా కొట్టిందీ నేనే. "పసుపు డబ్బాలో ఎప్పుడూ చెయ్యి పెట్టరాదు."

సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంకెక్కడ నిజం రాయాలి?

కొత్తగా చేరిన డాక్టర్లకి శిక్షణ. వాడేసిన సూదిని పసుపు డబ్బాలో ఎలా వెయ్యాలో చూపిస్తున్నాను. వెనక కాంపౌండర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా ఉపన్యాసాలన్నీ అతనికి కంఠతా వచ్చు, నా కంటే ముందే పెదవులు కదుపుతుంటాడు.

"నా చెయ్యి చూడండి. సూదికి మళ్ళీ మూత పెట్టను. వంచను. విరవను. నేరుగా, ఇలా, వదిలేస్తాను."

వదిలేశాను. టక్. టక్.

పసుపు గది తాళంచెవి రింగు నా చూపుడువేలికి తగిలించుకుని తిరగడం నాకలవాటు. నిండిన డబ్బాలన్నీ వ్యాను వచ్చేదాకా ఆ గదిలోనే ఉంటాయి. ఆ గదికి ఒకే తాళంచెవి ఉండాలి, అది సేఫ్టీ ఆఫీసరు దగ్గరే ఉండాలి అని పట్టుబట్టి సారు చేత సంతకం పెట్టించింది నేనే. సిరంజీతో పాటు అదీ వేలు జారి లోపలికి పోయింది.

అక్కడే ఆగి ఉంటే ఏదో నవ్వులతో పోయేది. కానీ నోరు ఉపన్యాసంలో ఉంది కదా, చెయ్యి నోటి వెంట పోయింది. "గీత దాకా నిండింది కాబట్టి మూత నొక్కేస్తున్నాం. ఒకసారి పడితే ఈ మూత మళ్ళీ రాదు. రాకూడదు." క్లిక్కుమంది.

"మేడమ్, రెండు చప్పుళ్ళు వినపడ్డాయి," అన్నాడు కాంపౌండర్.

"ఖాళీ గది కదా, మారుమోగింది."

ఇరవై మంది కూర్చున్న గది అది.

తాళంచెవి డబ్బాలో ఉంది. డబ్బా పెట్టాల్సిన గదికి తాళం ఉంది. గురువారం కమిటీ ముఖ్యంగా చూసేది ఆ గదినే. సారు దగ్గరికెళ్ళి చెప్పొచ్చు. తాళం పగలగొట్టించొచ్చు. ఈ రెండూ ఇప్పుడు తోస్తున్నాయి.

అందరూ వెళ్ళాక స్క్రూడ్రైవరుతో మూత లేపాను. పట్టుకారు పొట్టిది, అందలేదు. డబ్బా వంచాను, రింగు కనిపించింది, ఇంత దూరంలో. రెండు వేళ్ళు పెడితే చాలు. పెట్టాను.

తాళంచెవి వచ్చింది. వేలికి కొంచెం గీసుకుంది. గుచ్చుకోలేదు, గీసుకుంది. సబ్బుతో కడిగాను, పిండకుండా, నా పోస్టర్లో రాసినట్టే. మూత మళ్ళీ పెట్టి, చుట్టూ తెల్ల టేపు వేసి, ఆ డబ్బాను పసుపు గదిలో వెనక వరసలో ఉంచాను.

ఎవరికీ చెప్పలేదు. గీసుకున్నదానికి ఏం చెప్తాం?

సోమవారం, పడుకోబోయే ముందు

కొంచెం రక్తం వచ్చింది. పైన రాయడం మర్చిపోయాను.

మంగళవారం

పొద్దున ఆయన అడిగారు, "వేలికా ప్లాస్టరేంటి?"

"ఆసుపత్రి తలుపులో పడింది."

ఆసుపత్రికెళ్ళగానే కాంపౌండర్ అడిగాడు.

"ఇంట్లో కూరలు తరుగుతుంటే కత్తి తగిలి తెగింది."

ఇంట్లోవాళ్ళకి ఆసుపత్రి మీద, ఆసుపత్రివాళ్ళకి ఇంటి మీద నెట్టేస్తే సరిపోతుందని లెక్క వేసుకున్నాను. మధ్యాహ్నం సారు ఎదురయ్యారు. ఆయన కళ్ళు నా వేలి మీద పడి, అక్కడి నుంచి గుమ్మంలో ఉన్న సున్నా మీదికి వెళ్ళి, మళ్ళీ నా వేలి మీదికి వచ్చాయి. పాపం, ముఖం పాలిపోయింది. కత్తి అని ఉంటే అయిపోయేది. ఎందుకో ఆ క్షణంలో కత్తి చాలదనిపించింది.

"పిల్లి గీరింది సార్. ఇంట్లో పిల్లి."

"ఇంట్లోనా? హమ్మయ్య!" అన్నారు. అంతలోనే ఆయనలోని పశువుల డాక్టరు మేలుకున్నాడు. "దానికి టీకా వేయించారా?"

"అంటే... వేయించాలి సార్."

"వేయించాలా? మీరు సేఫ్టీ ఆఫీసరు! రేపు తీసుకురండి. నేనే వేస్తాను."

"మీకెందుకు సార్ శ్రమ..."

"శ్రమేముంది మేడమ్, మీ పిల్లి మా పిల్లి కాదా?"

మాకు పిల్లి లేదు.

సాయంత్రం చెల్లికి ఫోన్ చేశాను. అది మనుషుల డాక్టరు.

"ఒసే, ఒక సంగతి అడగాలి. మా ఆఫీసులో ఒకావిడ ఉంది..."

"ఊఁ."

"ఆవిడకి వాడేసిన సూది ఒకటి, ఊరికే అలా, గీసుకున్నట్టయింది."

"నీకెప్పుడు గుచ్చుకుందక్కా?"

"నాక్కాదే, ఆవిడకి!"

"సరే, ఆవిడకే. ఏ జంతువుకి వేసిన సూది?"

"ఏమో. డబ్బాలో అన్నీ కలిసి ఉంటాయి కదా."

"డబ్బాలోకి ఆవిడ చెయ్యి ఎందుకెళ్ళింది?"

"హలో? హలో? వినపడటం లేదే," అని పెట్టేశాను. అది వెంటనే మళ్ళీ చేసింది.

"ఇప్పుడు వినపడుతోందా? అయితే విను. దూడలకి వేసే టీకాల్లో బతికున్న క్రిములుండేవి ఉంటాయి. అలాంటి సూది అయితే వెంటనే మందు మొదలుపెట్టాలి. వారాల తరబడి జ్వరం చూసుకోవాలి. ఆ డబ్బాలో ఏ సూదులు పడ్డాయో మీవాళ్ళని అడిగి తెలుసుకోమను."

"అడిగితే తెలిసిపోతుంది కదే."

"ఎవరికక్కా? ఆవిడకా, నీకా?"

సోమవారం పొద్దున దూడలకి టీకాలు వేశారు. నాకు తెలుసు. అరుపులు నా గదిలోకి వినపడ్డాయి.

రేపు చెప్తాను.

బుధవారం

చెప్పలేదు. పిల్లి పనిలో పడిపోయాను.

కింది ఇంటి పంతులమ్మగారికి ఒక పిల్లి ఉంది. తెల్లగా, గుండ్రంగా, ఎవరు పిలిచినా తల తిప్పదు. దొరసాని అంటారు దాన్ని.

"దొరసానిని ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్తానండీ, ఉచితంగా చూస్తారు."

"దానికి జబ్బేమీ లేదే!"

"లేదు కాబట్టే ఉచితం."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఎన్నో ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్న చూపు అది. అయినా బుట్ట ఇచ్చింది.

ఆసుపత్రిలో కాంపౌండర్ ఎదురొచ్చాడు. "దొరసాని కదూ! ఎప్పుడూ పంతులమ్మగారే తెస్తారు కదా, మీరు తెచ్చారేంటి మేడమ్?"

"పంతులమ్మగారికి మోకాళ్ళు నొప్పులు."

సున్నా సారు దాన్ని బల్ల మీద పెట్టి, కాలు పట్టుకుని చూశారు. "గోళ్ళు బాగా కత్తిరించి ఉన్నాయే. మరెలా గీరింది?"

"గీరాక కత్తిరించాను సార్."

ఇన్ని అబద్ధాలు ఇంత చక్కగా వచ్చేస్తాయని నాకే తెలియదు. నలభై ఏళ్ళుగా వాడకుండా దాచుకున్నవి కదా, పదునుగా ఉన్నాయి.

సారు సూది ఎత్తారు. అది అరవలేదు. సూది దిగుతున్నంతసేపూ తల తిప్పి నన్నే చూసింది. అబద్ధం నాది, సూది దానికి. నా జీవితంలో నన్నెవరూ అంత తెలిసి చూడలేదు.

"ఇదిగోండి, సేఫ్టీ ఆఫీసర్ గారూ, మీ చేత్తోనే," అని సారు సిరంజీ నాకిచ్చారు. పసుపు డబ్బాలో వేశాను. ఈసారి ఒకే చప్పుడు.

ఇంటికొచ్చి బాత్రూంలో తలుపేసుకుని జ్వరం చూసుకున్నాను. లేదు. థర్మామీటరుతో బయటికొస్తే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీ చెల్లి ఫోన్ చేసింది. అక్క వేలెలా ఉందని అడిగింది. తలుపులో పడిందన్నాను. చాలాసేపు నవ్వింది."

"దానికి ప్రతిదీ నవ్వే."

"అది సరే. తలుపులో పడితే జ్వరం ఎందుకొస్తుందోయ్?"

"గట్టిగా పడిందండీ."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదాన్ని. ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. ఈ ఇంట్లో మర్యాద ఎక్కువైపోయింది.

ఇప్పుడు బుర్రలో తిరుగుతున్నది జ్వరం కాదు. ఆ డబ్బా. రేపు వ్యాను వచ్చే రోజు. ఆ వ్యాను అతను పాట పాడుకుంటూ వస్తాడు, డబ్బాల మూత మీది పిడి పట్టుకుని ఒక్కో చేత్తో ఒక్కోటి ఊపుకుంటూ తీసుకెళ్తాడు. అలా ఊపవద్దని ఎన్నిసార్లు చెప్పానో! "మీ మూతలు గట్టివి మేడమ్," అంటాడు. గట్టివే. నేను స్క్రూడ్రైవరు పెట్టనివన్నీ గట్టివే. ఆ టేపు డబ్బా పైకి లేవగానే మూత ఊడొస్తుంది, లోపలున్నదంతా అతని కాళ్ళ మీద పడుతుంది. రబ్బరు చెప్పులతో వస్తాడు.

రేపు అందరికంటే ముందు వెళ్ళి, వ్యాను రాకముందే, కమిటీ రాకముందే చెప్తాను.

తప్పకుండా చెప్తాను.

గురువారం

వెళ్ళాను. అందరికంటే ముందే వెళ్ళాను. సారు నాకంటే ముందే వచ్చి సున్నాను తుడుస్తున్నారు. కొత్త చొక్కా. "ఎలా ఉంది మేడమ్?" అన్నారు. చొక్కా గురించో, సున్నా గురించో. "బాగుంది సార్," అన్నాను.

వ్యాను సాయంత్రం కదా వచ్చేది, కమిటీ పోయాక చెప్పొచ్చనుకున్నాను. పోనీ ఆ డబ్బాను ఈలోపు పెద్ద డబ్బాలో పెడదామనుకున్నాను. పెద్ద డబ్బా కావాలంటే స్టోరులో ఎందుకో చెప్పాలి.

కమిటీ అంటే ఇద్దరు. లావు కళ్ళద్దాల ఆవిడ, ఏం చూపించినా తల ఊపే ఒక పెద్దమనిషి. వార్డులు చూశారు, పోస్టర్లు చదివారు. "మంచి చేతిరాత," అన్నారావిడ. పసుపు గది తలుపు తెరిచాను. సారు, కాంపౌండర్, వాళ్ళిద్దరూ, నేనూ లోపలికెళ్ళాం. డబ్బాలు వరసగా, బడి పిల్లల్లా నిలబడి ఉన్నాయి. వెనక వరసలో ఒకదానికి తెల్ల టేపు.

అప్పుడు పాట వినపడింది.

కమిటీ వస్తుందని వ్యానును పొద్దున్నే రమ్మన్నారట సారు, గది ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చూపించడానికి. అతను నేరుగా వెనక వరసకి వెళ్ళాడు, ఎప్పుడూ అక్కడినుంచే మొదలుపెడతాడు.

ఇక్కడినుంచి అన్నీ ఒకేసారి జరిగాయి. కళ్ళద్దాల ఆవిడ, "మీ వేలికేమైందండీ?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే సారు, "వాళ్ళింట్లో పిల్లి గీరింది. ఇక్కడ కాదు. టీకా కూడా నేనే వేశాను," అన్నారు. "పిల్లా? కత్తి కదా మేడమ్?" అన్నాడు కాంపౌండర్. "ఏ కత్తి?" అన్నారు సారు. వ్యాను అతని చెయ్యి టేపు వేసిన డబ్బా పిడి మీదికి వెళ్ళింది. నేను అరిచాను:

"ఎత్తొద్దు! మూత ఊడుతుంది!"

పాట ఆగిపోయింది.

తర్వాత చెప్పాను. తాళంచెవి, స్క్రూడ్రైవరు, వేళ్ళు, దూడల టీకా. గీసుకుంది అనలేదు. గుచ్చుకుంది అన్నాను. గోడ మీద నా పోస్టర్లోని చెయ్యి నా తల వెనకే ఉంది, అందరూ నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశారు. తల ఊపే పెద్దమనిషి ఊపడం మానేశాడు.

సారు జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. "అయితే... పిల్లి?"

"పిల్లికేం తెలియదు సార్. అది పంతులమ్మగారి పిల్లి."

"నాకప్పుడే అనిపించింది," అన్నాడు కాంపౌండర్, ఎవరూ అడక్కుండానే.

కళ్ళద్దాల ఆవిడ వాచీ చూసుకుని, "మీరింకా ఇక్కడే నిలబడ్డారేంటి? డాక్టరు దగ్గరికి నడవండి," అన్నారు.

చెల్లి ఆసుపత్రికే వెళ్ళాను. ఆ డబ్బాలో దూడల టీకా సూదులు ఉన్నాయని కాంపౌండర్ ఫోన్లో చెప్పాడు. నాకు గుచ్చుకున్నది వాటిలో ఒకటో కాదో ఎవరూ చెప్పలేరు కాబట్టి, అదేనని అనుకుని మందులు మొదలుపెట్టారు. చెల్లి నా రక్తం తీస్తూ, "ఆవిడని అడిగానని చెప్పక్కా," అంది.

శుక్రవారం

జ్వరం లేదు. ఆయన కొత్త థర్మామీటరు కొన్నారు. తలుపుక్కూడా పెట్టి చూశారు, దానికీ లేదట.

శనివారం

గుమ్మంలో సారు స్టూలెక్కి సున్నాను చెరిపేస్తున్నారు. నన్ను చూసి దిగలేదు. ఒకటి వేశారు. చక్కగా వెయ్యలేకపోయారు, సున్నాలు అలవాటైన చెయ్యి.

మధ్యాహ్నం తన గదికి పిలిచి, తలుపు వెయ్యమన్నారు. పనిలోంచి తీసేస్తారనుకున్నాను. ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను.

"మేడమ్, రెండు చెయ్యాలి."

"ఏం చెయ్యాలి సార్?"

"ఆ ఒకటిని రెండు చెయ్యాలి." కిటికీ వైపు తిరిగారు. "ఎండాకాలంలో నాకు నడుం నొప్పి వచ్చింది గుర్తుందా? మీటింగులన్నీ నిలబడే నడిపాను."

"గుర్తుంది సార్. పాపం అనుకున్నాం."

"నడుం కాదు. గుర్రానికి సూది వేసి, కుర్చీలో పెట్టి, మర్చిపోయి..."

నేను నవ్వలేదు. అది నా ఉద్యోగంలో నేను చేసిన అతి కష్టమైన పని. అప్పుడు చూపించుకోలేదట. ఇప్పుడు చూపించుకోవాల్సిందేనన్నాను. "ఎక్కడని చెప్పాలి డాక్టరుకి?" అన్నారు. "కుర్చీలో అని చెప్పండి సార్," అన్నాను.

సోమవారం

కాంపౌండర్ వచ్చాడు. కొత్త డాక్టరమ్మ వచ్చింది. గుర్రాల దగ్గర పనిచేసే అతను వచ్చి, నాకు గుచ్చుకున్నవన్నీ చెప్పాలా, ఈ ఏడాదివేనా అనడిగాడు. బోర్డు మీద అంకె పెరుగుతోంది. స్టూలు లోపల పెట్టడం మానేశాం, బోర్డు కిందే ఉంది. పసుపు గదికి ఇప్పుడు రెండు తాళంచెవులు, రెండోది సారు మెడలో.

భద్రతా బహుమతి వేరే ఆసుపత్రికి ఇచ్చారు. వాళ్ళది సున్నా అట.

ఆదివారం

జ్వరం లేదు. ఇంకొన్ని వారాలు చూడాలి. దొరసాని మెట్ల మీద నన్ను చూస్తే గోడ వైపు ముఖం తిప్పేసుకుంటోంది. పంతులమ్మగారికి నిజం చెప్పాను. "బుట్ట అడిగినప్పుడే తెలుసమ్మా, ఎంతదాకా వెళ్తావో చూద్దామని ఇచ్చాను," అంది.

ఇక్కడ ఒక్కటి మాత్రం తేలడం లేదు. "ఎత్తొద్దు" అని నేను అరిచింది ఎప్పుడు? నా అబద్ధాలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయని తెలిశాకా, అంతకు ముందా? ముందైతే వ్యాను అతని కాళ్ళ కోసం అరిచాను. తర్వాతైతే, ఎలాగూ పట్టుబడ్డాను కాబట్టి అరిచాను.

సారునడిగితే, "నేను 'ఏ కత్తి' అన్నాకే మీరు అరిచారు," అన్నారు. కాంపౌండర్ని అడిగితే, "లేదు మేడమ్, నేను కత్తి అనకముందే మీ ముఖం ఆ డబ్బా వైపు తిరిగింది," అన్నాడు. ఈమధ్య నా మీద జాలి చూపిస్తున్నాడు, అందుకని నమ్మలేను. వ్యాను అతన్ని అడిగాను. "నేను పాటలో ఉన్నాను మేడమ్, మీ అరుపు ఒక్కటే వినపడింది," అన్నాడు. ఈసారి బూట్లు వేసుకుని వచ్చాడు. డబ్బాలు మాత్రం ఇంకా ఊపుతూనే తీసుకెళ్తున్నాడు.

నేను రాసిందే పైన మళ్ళీ చదివాను. అందులో సారు మాట ముందు, నా అరుపు తర్వాత ఉంది. కానీ మాటల్ని కాగితం మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టక తప్పదు కదా. నేను ఏ వరస పెట్టుకుంటే అదే జరిగినట్టుంటుంది. ఈ వరస నిజం కాబట్టి పెట్టానా, నన్ను నేను తిట్టుకోవడం ఇష్టం కాబట్టి పెట్టానా?

ఆయనకి చెబితే నవ్వి, "అతని కాళ్ళు బాగానే ఉన్నాయా?" అన్నారు.

"బాగానే ఉన్నాయి."

"మరింకేం?"

ఇంకేమిటో చెప్పలేకపోయాను. ప్లాస్టరు తీసేశాను. కిటికీ దగ్గర వెలుతురులో వేలు తిప్పి తిప్పి చూశాను. ఎక్కడ గుచ్చుకుందో ఆనవాలు కూడా లేదు. వ్యాను పొద్దున రాకపోయి ఉంటే, ఎవరూ నా వేలు చూడకపోయి ఉంటే, సాయంత్రానికి చెప్పేదాన్నా? చెప్పేదాన్నని రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను. చెప్పేదాన్ని కాదని రాయడానికీ చెయ్యి రావడం లేదు. నాకు తెలియదు.